ఖాలా కుక్కకు నేను చేసిన వైద్యం

మా పై వాటాలో అద్దెకుంటున్న అమ్మాయి మొన్న సాయంత్రం మెట్లన్నీ ఒక్క పరుగున దిగి వచ్చింది. చంకలో కుక్కపిల్ల, చెవి దగ్గర ఫోను. పాయసంలో వేద్దామని బయట పెట్టిన ఎండుద్రాక్ష పొట్లాన్ని ఆ కుక్క కాగితంతో సహా నమిలేసిందట. కుక్కలకు ఎండుద్రాక్ష పడదని ఇన్నేళ్ళూ నాకు తెలియదు. ఆ అమ్మాయి ఒకపక్క డాక్టరుతో మాట్లాడుతూ, ఒకపక్క కళ్ళు తుడుచుకుంటూ, కుక్కను నా ఒళ్ళో పడేసి చెప్పులు వేసుకుంది. భర్త బండి తీశాడు, వెళ్ళారు. రెండు గంటల తర్వాత తిరిగొచ్చారు. కుక్కకు ఏమీ కాలేదు, వచ్చీరాగానే నా గుమ్మంలోని చెప్పు ఒకటి నోట కరుచుకుని పైకి పారిపోయింది.

"ఆంటీ, మీ చిన్నప్పుడు కుక్కలు గిట్ల తినగూడనిది తింటే ఏం జేసేటోళ్ళు?" అని అడిగింది ఆ అమ్మాయి, చెప్పు వెనక్కి తెచ్చిస్తూ.

"ఏం జేస్తం బిడ్డ. జూసుకుంట కూసునేటోళ్ళం," అన్నాను.

అది పచ్చి అబద్ధం. మేము చూస్తూ కూర్చోలేదు. చేయకూడనివన్నీ వరసపెట్టి చేశాం, అందులో సగం నేనే చేశాను. ఇప్పుడు వికారాబాదులో ఎవరింటికి వెళ్ళినా నన్ను పెద్దమనిషి అంటారు గానీ, తొమ్మిదేళ్ళ వయసులో నేను చేసిన వైద్యం సంగతి వీళ్ళెవరికీ తెలియదు.

అప్పుడు మేము తాండూరులో ఉండేవాళ్ళం. మా గల్లీలో నేల నాపరాయి, గోడ నాపరాయి, బట్టలుతికే బండ నాపరాయి, కొందరి ఇళ్ళకు కప్పు కూడా నాపరాయే. రాళ్ళు కోసే మిషన్ల నుంచి వచ్చే నీళ్ళు బూడిదరంగులో కాలువలంట పారేవి. ఆ కాలువల్లో కాగితం పడవలు వేస్తే నాలుగడుగులు పోకముందే బరువెక్కి మునిగిపోయేవి. తలకు నూనె పెట్టుకుని బడికి పోతే సాయంత్రానికి రాతి దుమ్ము పట్టి జుట్టు నెరిసినట్టయ్యేది. పప్పు మిల్లుల వైపు నుంచి గాలి వీస్తే మాత్రం వేయించిన కందిపప్పు వాసన వచ్చి, అప్పుడే అన్నం తిన్నవాళ్ళకు కూడా ఆకలి వేసేది. సంతరోజు తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ కలిపి బేరమాడేవారు. ఎవరూ ఎవరి భాషా నేర్చుకున్నట్టు కనిపించేవారు కాదు, అయినా పని జరిగిపోయేది.

చలికాలం వస్తే మా ఇంట్లో ఆముదం పని మొదలయ్యేది. పెద్దేముల్ దగ్గర మాకున్న కొంచెం చేనులో కంది మధ్య ఆముదం వేసేవాళ్ళు. కాయలు తెచ్చి వాకిట్లో బండలమీద ఎండబోస్తే, ఎండ ఎక్కేకొద్దీ అవి టప్పుటప్పుమని పగిలేవి. గింజలు ఎగిరి గోడకు తగిలేవి, ఒక్కోసారి మా నెత్తిన పడేవి. నున్నగా మెరుస్తూ, ఒళ్ళంతా చారలతో, అచ్చం కుక్క చెవిలో పట్టే పిడుదుల్లా ఉండేవి. వాటిని ఏరడం పిల్లల పని. ఏరేవాళ్ళం, లెక్కపెట్టేవాళ్ళం, ఒకరి జేబులోవి ఒకరు దొంగిలించేవాళ్ళం.

నూనె తీసే పని మా అవ్వది. అవ్వంటే మా నాన్నను కన్న తల్లి. గింజల్ని మంగలంలో వేయించి, రోట్లో మెత్తగా దంచి, పెద్ద కుండలో నీళ్ళుపోసి ఉడికించేది. పైన తేలిన నూనెను గరిటెతో నిదానంగా తీసి, మళ్ళీ కాచి, సీసాలకు ఎత్తేది. ఆ రెండు రోజులు గల్లీలో ఏ ఇంట్లో ఏం వండుకున్నా ఆముదం వాసనే. చీరలకు, పుస్తకాలకు, చివరికి నీళ్ళ కుండకు కూడా అదే వాసన పట్టేది. అడుగున మిగిలిన పిప్పిని మాత్రం అవ్వ ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. పెరట్లో మోకాలి లోతు గుంత తీసి పాతిపెట్టేది. ఎందుకని అడిగితే, "అదంతే, మా అత్త గట్లనే జేసేది," అనేది. దిష్టి కోసమేమో అనుకునేదాన్ని.

ఆ నూనె మీద అవ్వకున్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. తలనొప్పికి ఆముదం, కళ్ళమంటకు ఆముదం, బండి ఇరుసుకు ఆముదం, పసిపిల్ల ఏడిస్తే బొడ్డు చుట్టూ ఆముదం. నెలకో ఆదివారం మా అందరికీ తాగించేది. ముక్కు మూసి, గరిటెడు నోట్లో పోసి, వెనకాలే బెల్లం ముక్క పెట్టేది. "కడుపు కడిగితె అన్ని రోగాలు పోతయి," అనేది. నేను ఆ గుక్కను బుగ్గలో దాచుకుని కాలువలో ఊసి రావడంలో ఆరితేరాను. ఒకసారి దొరికిపోతే రెండు గరిటెలు పోసింది. ఆ రోజంతా నేను పెరటి దారి తప్ప ఇంకేమీ చూడలేదు.

మా పక్కిల్లు ఖాలాది. వరసకు ఎవరికి పిన్నమ్మో తెలియదు, గల్లీ పిల్లలందరికీ ఖాలానే. ఆమె భర్త రాళ్ళ మిషను దగ్గర పనిచేసి, ఆ దుమ్ముతో దగ్గు పట్టి, వికారాబాదు దవాఖానాలో చనిపోయాడు. నాకు ఆయన దగ్గు గుర్తుంది గానీ ముఖం అంతగా గుర్తులేదు. పిల్లలు లేరు. ఆయన పోయాక ఆమెకు మిగిలింది రెండు గదుల ఇల్లు, కుట్టుమిషను, ఆయన పెంచిన కుక్క.

కుక్కకు పేరు లేదు. ఆయన దాన్ని ఉర్దూలో "ఇదర్ ఆ", ఇటు రా, అని పిలిచేవాడట. అందుకని మేమూ ఇదర్ అనేవాళ్ళం, అదీ తోక ఊపుకుంటూ వచ్చేది. మట్టిరంగు కుక్క, ఒక చెవి ఎప్పుడూ వాలి ఉండేది. ఆయన బతికున్నప్పుడు రాళ్ళ మిషను గేటు దగ్గరే పడుకునేదట. ఆయన పోయిన నెలకు తనంత తనే ఖాలా గుమ్మం వెతుక్కుంటూ వచ్చి, బయటి బండమీద పడుకుంది. ఖాలా దాన్ని వెళ్ళగొట్టలేదు, లోపలికీ రానివ్వలేదు. రోజుకు అయిదుసార్లు నమాజు చదివే మనిషి. కుక్క మూతి తగిలిన బట్టలతో నమాజుకు నిలబడకూడదు. అది దగ్గరికి వస్తే కొంగు ఎత్తిపట్టుకుని, "నక్కో, నక్కో, దూర్ బైఠ్," అని దూరంగా కూర్చోమనేది. పొద్దున, మాపున మాత్రం జొన్నరొట్టె తుంచి, పలచటి ఖట్టాలో, అంటే పుల్లటి చింతపండు చారులో, నానబెట్టి, దానికని విడిగా పెట్టిన మట్టి మూకుట్లో వేసేది. అది తిన్నంతసేపూ గుమ్మంలో నిలబడి ఉర్దూలో ఏదో మాట్లాడేది. దానితోనా, ఆయనతోనా అని మా అమ్మ ఒకసారి అంటే, అవ్వ "ఊకో" అంది.

నేను బడినుంచి వచ్చాక సగం పొద్దు ఖాలా ఇంట్లోనే ఉండేదాన్ని. ఆమె మిషను తొక్కుతుంటే గుడ్డముక్కలు ఏరేదాన్ని. ఖిచిడీ వండితే నాకు చిన్న పళ్ళెంలో పెట్టేది, పైన నువ్వుల పచ్చడి వేసేది. అవ్వ ఆ ఇంట్లో నీళ్ళు కూడా తాగేది కాదు. నేను తింటానని మాత్రం ఆమెకు బాగా తెలుసు. ఇంటికి రాగానే ఏమీ అడగకుండా కొంగుతో నా మూతి తుడిచి, "పో, అన్నం తిను," అనేది. నేను ఆకలిగా లేదనేదాన్ని. ఆమె ముఖం అటు తిప్పుకుని నవ్వేది.

ఆ ఏడు ఆముదం కాయలు ఎండబోసిన మర్నాడు, ఇదర్ రొట్టె ముట్టలేదు. పొద్దుటి రొట్టె మధ్యాహ్నానికి మూకుట్లోనే ఎండిపోయింది. ఖాలా మిషను దగ్గర కూర్చోలేదు, గుమ్మంలోనే తచ్చాడింది.

"క్యా హువా రే తేరేకు?" అని దాన్ని అడిగింది. తర్వాత నాతో, "ఏమైందో బిడ్డ. ఆయన గూడ గిట్లనే, ముందుగల తిండి బంజేసిండు," అంది.

ఆ మాటకు నాకు భయమేసింది. ఆయనలాగే ఇదర్ కూడా పోతుందని అనుకున్నాను. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. కడుపు కడిగితే అన్ని రోగాలూ పోతాయి. కానీ నిరుటి ఆముదం సీసా అటకమీద ఉంది, నా చేతికి అందదు. అవ్వను అడిగితే కుక్కకు నూనె ఎందుకని తిడుతుంది. వాకిట్లో చూస్తే గింజలు కుప్పగా ఉన్నాయి. నూనె వచ్చేది వాటిలోంచే కదా. నూనె మందైతే గింజ ఇంకా మంచి మందు అయి ఉంటుందని నా లెక్క.

దోసెడు గింజలు తీసుకుని పెరట్లో చింతగింజలు కొట్టుకునే రాతిమీద దంచాను. వేయించాలని తోచలేదు, తోచినా పొయ్యి ముట్టించడం నాకు రాదు. జిగటగా ముద్దయింది. అవ్వ మాకు పెట్టినట్టే బెల్లం కావాలి కదా, డబ్బాలోంచి పెద్ద గడ్డ దొంగిలించి కలిపాను. నిమ్మకాయంత మూడు లడ్డూలు చేశాను. నిజం చెప్పాలంటే చాలా అందంగా వచ్చాయి. ఇదర్ ముందు వాసన చూసి తల తిప్పుకుంది. నేను దాని చెవి నిమురుతూ, "మందు బిడ్డ, తిను," అని అవ్వ గొంతుతో బతిమాలాను. రెండు తింది. మూడోదాన్ని నాకి వదిలేసింది. దాన్ని కాగితంలో చుట్టి నా పలకపెట్టెలో దాచాను, రేపటికి పనికొస్తుందని. నా మనసు ఎంత తేలికైందో చెప్పలేను. ఖాలాకు రేపు పొద్దున చెప్పి మెప్పు పొందాలనుకున్నాను.

తెల్లవారి లేచి పరుగున వెళ్ళేసరికి ఇదర్ బండమీద లేదు. కాలువ పక్కన పక్కకు పడి ఉంది. చుట్టూ వాంతి, విరేచనం, అందులో నెత్తురు చారలు. పొట్ట పట్టేసినట్టు కాళ్ళు దగ్గరికి ముడుచుకుంటోంది. ఖాలా దానికి రెండడుగుల దూరంలో, చీర కుచ్చిళ్ళు బురదలో పడుతున్నా చూసుకోకుండా, గొంతుకూర్చుంది.

గల్లీలో తలొక మాట అన్నారు. ఎలుకల మందు తిని ఉంటుందని ఒకరు, చింతపండు నీళ్ళు పోయమని ఒకరు, ఉప్పునీళ్ళు పోసి కక్కించమని ఒకరు. ఖాలా ఎవరి మాటా వినడం లేదు.

"నేనే బెట్టిన," అంటోంది. "మొన్న మాపున పాత రొట్టె బెట్టిన. బూజు వట్టిందేమో, నాకు కండ్లు సక్కగ గనవడవు. ఆయన కుక్కను నేనే సంపుకున్న."

నేను అక్కడే నిలబడ్డాను. ఆమె రొట్టె కాదని నాకు తెలుసు. మెప్పు కోసం దాచుకున్న మాటను భయంతో మింగేశాను. ఇప్పుడు చెప్పినా మించిపోయింది లేదు, ఒక్క మాట, అంతే కదా అని ఈ వయసులో అనుకోవడం తేలిక.

అప్పుడు మా అవ్వ వచ్చింది. ఒక చేతిలో ఇత్తడి గరిటె, ఇంకో చేతిలో సీసా.

"ఊకో చెల్లె, ఏడ్వకు," అంది ఖాలాతో. "లోపట ఏదో పాడుది వడ్డది. ఆముదం వోస్తె కడుపు కడుక్కపోతది. పిల్లలకు వోస్తలేనా నేను. ఏయ్ పోరి, అది నీ మాట ఇంటది, మూతి వట్టు."

నేను పట్టాను. నన్నిప్పటికీ కుదుటపడనివ్వనిది ఆ క్షణమే. లడ్డూలు పెట్టింది తెలియక, మూతి పట్టింది మాత్రం తెలిసి. ఆ గింజల వల్లే ఇలా అయిందని నాకు లోపల తెలుస్తూనే ఉంది, ఆ గింజల నూనే మళ్ళీ పోస్తున్నారనీ తెలుస్తోంది. ఇదర్ నా చేతుల్లో పెనుగులాడలేదు. నన్ను చూసి వాలిన చెవి కొంచెం కదిపింది. అవ్వ గరిటె వంచింది.

గంట తిరక్కుండా దానికి ఇంకా ఎక్కువైంది. కళ్ళు లోపలికి పోయాయి, నాలుక పాలిపోయింది. మా నాన్న పనిలో ఉన్నాడు. అవ్వ పక్క సందులో కూరగాయల తోపుడు బండి అడిగి తెచ్చింది. గోనెసంచి పరిచి, ఇదర్‌ను ఎత్తి పడుకోబెట్టి, అవ్వా నేనూ తోస్తూ, బురఖా వేసుకున్న ఖాలా పక్కన నడుస్తూ, పశువుల దవాఖానాకు బయల్దేరాం. దారిలో నాపరాళ్ళ బండ్లు అడ్డమొస్తే అవ్వ బండివాళ్ళను తిట్టిన తిట్లు నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. వాళ్ళు నవ్వబోయి, బండిలోకి చూసి, ఎడ్లను పక్కకు కొట్టారు.

డాక్టరు వేరే ఊరు పోయాడట, కంపౌండరు ఉన్నాడు. పెద్దాయన, చెవుల్లో తెల్లటి వెంట్రుకలు. ఇదర్ పెదవి ఎత్తి చిగుళ్ళు నొక్కి చూశాడు, పొట్ట తడిమాడు. ఖాలాను అడిగాడు.

"ఏం తిన్నదమ్మా?"

"రొట్టె సారు. నేనే బెట్టిన రొట్టె."

"రొట్టెకు నెత్తురు వడదమ్మా. ఇంకేమన్న తిన్నదా? ఎలుకల మందా, ఇంకేదన్ననా? ఒక్కో దానికి ఒక్కో తీరు జూడాలె. తెల్వక ఏదో ఒకటిస్తే నా చేతుల్నే పాణం పోతది." ఖాలా తల అడ్డంగా ఊపింది. ఆయన నిట్టూర్చి సూది పెట్టె మూసేశాడు. "ఎవ్వరు జూడలేదంటే నేనేం జేత్తు మరి."

ఆ పెట్టె మూత చప్పుడే నన్ను కదిలించింది. ధైర్యం కాదు. ఆయన ఇక ఏమీ చేయడని అర్థమై, నోట్లోంచి మాట దానంతట అదే వచ్చేసింది.

"ఆముదం గింజలు. నేనే బెట్టిన. లడ్డూలు జేసి."

కంపౌండరు తిట్టకుండా నా ముందుకు వంగాడు. "ఎన్ని గింజలు బిడ్డ? నిజం జెప్పు. ఎప్పుడు? గింజలు గింజలే మింగిందా, దంచినవా?"

దోసెడని, నిన్న బడినుంచి వచ్చినంక అని, దంచానని, వేయించలేదని, ఒక లడ్డూ ఇంకా పెట్టెలో ఉందని, అన్నీ చెప్పాను. చెబుతుంటే ఏడుపు రాలేదు. ఆయన "దంచినవా" అని మరోసారి అడిగి పెదవి విరిచాడు.

"పొద్దుగాల ఇంట్ల ఏమన్న మందు వోసిన్రా?"

"ఆముదం," అంది మా అవ్వ. గొంతు గుర్తుపట్టలేనంత చిన్నగా అయిపోయింది. "పెద్ద గరిటెడు. నేనే వోసిన." ఎవరూ అడగకుండానే, "ఆ పిప్పి తింటె పసులు సస్తయని మా అత్త జెప్పింది. గింజ గూడ గంతేనని నాకు తోచకపాయె. పిల్లలకు గూడ ఎన్నడు జెప్పకపోతి," అంది.

కంపౌండరు పెట్టె మళ్ళీ తెరిచాడు. ఇప్పుడు కక్కించొద్దు, వేళ దాటింది, నూనె, నెయ్యి, పాలు ఏవీ పోయొద్దు అన్నాడు. గ్లూకోజు సీసా తీసి, ఎవరైనా దాని తల పట్టుకోండి, కదిలితే సూది జారుతుంది అన్నాడు. నేను ముందుకు వెళ్ళబోయాను. అంతలో ఖాలా ఆ సిమెంటు నేలమీద కూర్చుని, ఇదర్ తలను రెండు చేతులా ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుంది. అది ఆమె బురఖామీదనే కక్కింది. ఆమె చేయి కదపలేదు. అన్నేళ్ళలో ఆమె దాన్ని ముట్టుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"మూడు దినాలు జూడాలె," అన్నాడు కంపౌండరు. "దినాం తీస్కరండి, నీళ్ళెక్కిస్త. పల్చగ గంజి, ఉప్పేసి, చెంచతోని జర జర తాపండి. చలికి బయట వండవెట్టొద్దు."

ఆ సాయంత్రం ఇదర్ మొదటిసారి ఖాలా గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది, తన కాళ్ళమీద కాదు. ఆయన కప్పుకునే కంబళి పెట్టెలోంచి తీసి పొయ్యి పక్కన పరిచింది ఖాలా. గంజి పోస్తుంది, కక్కితే తుడుస్తుంది, మసీదు బాంగు వినిపించగానే లేచి స్నానం చేసి, బట్టలు మార్చుకుని నమాజు చదువుతుంది. నమాజు కాగానే మళ్ళీ దాని దగ్గర కూర్చుంటుంది. రోజుకు అయిదుసార్లు, ఆ చలిలో, చన్నీళ్ళతో. నాతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. నేను గుమ్మంలో నిలబడితే తలెత్తి చూసేది కాదు.

ఇంట్లో నన్ను ఎవరూ కొట్టలేదు, అదే కష్టంగా ఉంది. అవ్వ ఆముదం గింజలన్నీ గోనెలోకి ఎత్తి కట్టేసింది. నూనె కాచే పెద్ద కుండను బూడిదతో మూడుసార్లు తోమి, అందులో నీళ్ళు పోసి పొయ్యిమీద పెట్టింది. ఎందుకో నాకు అర్థం కాలేదు. మసీదులో పిలుపు వినిపించే వేళకు నీళ్ళు కాగాయి. బకెట్లో పోసి నా చేతికిచ్చింది.

"పో, ఖాలాకు ఇచ్చి రా. సన్నీళ్ళతోని సస్తది," అంది.

ఆ మూడు రోజులూ పూటపూటకూ అవ్వ నీళ్ళు కాచింది, నేను మోశాను. బకెట్టు గుమ్మంలో పెట్టి వచ్చేసేదాన్ని. ఖాలా తీసుకునేది. రెండో రోజు సాయంత్రం ఖాళీ బకెట్టు తెచ్చుకోవడానికి వెళితే, ఇదర్ కదలకుండా పడి ఉంది. పొట్ట మీద చేయి పెట్టి చూస్తే తప్ప ఊపిరి ఉందో లేదో తెలియలేదు. ఆ రాత్రి అవ్వ పక్కన పడుకుని, "సస్తదా అవ్వా," అని అడిగాను. ఆమె నా వైపు తిరిగి, "సస్తె మనిద్దరం సంపినట్టు," అంది. అంత నిజం పిల్లలతో చెబుతారా అని అమ్మ ఆమెను కోప్పడింది. నాకు మాత్రం ఆ 'మనిద్దరం' అన్న మాటే ఎంతో ఊరటగా ఉంది.

నాలుగో రోజు పొద్దున నేను బకెట్టుతో వెళ్ళేసరికి ఇదర్ లేచి నిలబడి ఉంది. నాలుగు కాళ్ళూ నాలుగు వైపులా వణుకుతున్నాయి. ఖాలా చెంచా ఉన్న చేయి గాల్లోనే ఆపి చూస్తోంది. అది కంబళి మీదనుంచి దిగి, మూకుడు వాసన చూసి, నాలుగు గుక్కలు గంజి తనే నాకి, మెల్లగా గుమ్మం దాటి పోయి తన బండమీద ఎండలో పడుకుంది. లోపల ఉండే హక్కు తనకు లేదని దానికి బాగా తెలుసు. ఖాలా ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

అది ఏ రోగంతో రొట్టె మానేసిందో ఆ రోజే తెలిసింది. రోగం ఏమీ లేదు. రెండు గల్లీల అవతల పెళ్ళి దావతు జరిగితే పోయి ఎముకలు, బిర్యానీ కడుపారా తిని వచ్చిందట. బిర్యానీ తిని తృప్తిగా పడుకున్న కుక్కకు నేను వైద్యం చేశాను.

ఖాలా ఆ రోజు ఇల్లంతా కడిగి, స్నానం చేసి, తడి జుట్టుతో గుమ్మంలో కూర్చుంది. నన్ను పిలిచి పక్కన కూర్చోమంది. మూడు రోజుల తర్వాత ఆమె నాతో మాట్లాడటం అదే మొదలు. తిడుతుందనుకుని తల వంచుకున్నాను.

"ఆయన దవాఖాన్ల ఉన్నప్పుడు డాక్టర్ల మందు నడుస్తుండె," అంది, కుక్కవైపు చూస్తూ. "దగ్గు తగ్గుతలేదని మా తమ్ముడు ఒక పుడియా తెచ్చిండు. ఎవరో ఇచ్చిన పొడి. నేను తేనెల గలిపి చాటుంగ మూడు దినాలు నాకించిన. వాంతులైనయి. డాక్టరు ఉరికొచ్చిండు. అమ్మా, బయటి మందు ఏమన్న ఇచ్చినవా, జెప్పు అన్నడు. లేదు సార్ అన్న. మళ్ళ అడిగిండు. అల్లా కసమ్ లేదు అన్న."

నేను తలెత్తాను. ఆమె ముఖం మామూలుగానే ఉంది.

"తిడ్తడని భయమైంది. గంతే. తిట్లకు భయపడ్డ. ఆయన మంచం మీదికెల్లి నా దిక్కే జూస్తుండె. ఆయనకెరికె గద, నేనే నాకించిన. ఆయన గూడ జెప్పలే. నన్ను తిడ్తరని జెప్పలే. రెండు దినాలకు పోయిండు."

"ఆ పుడియాతోనే పోయిండా ఖాలా?" అని అడిగాను. పిల్లలు అలాంటివే అడుగుతారు.

"ఎవ్వరికెరిక బిడ్డ. దాంతోని కాదేమో. చెప్తె బతికేటోడేమో. రోజు అదే అనుకుంట." చేయి చాపి నా తలమీద పెట్టింది. స్నానం చేసిన చేయి, చల్లగా ఉంది. "నువ్వు జెప్పినవ్. గంత చిన్న పోరివి, అందరి ముంగట జెప్పినవ్. నేను జెప్పలే."

ఆమె లోపలికి వెళ్ళి ఖిచిడీ పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. పైన నువ్వుల పచ్చడి కూడా వేసింది. నేను తిన్నాను.

ఇదర్ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. మేము తాండూరు విడిచిపెట్టిన కొన్నాళ్ళకు ఖాలా పోయిందని తెలిసింది, అవ్వ అంతకుముందే పోయింది. ఆ గల్లీలో ఇప్పుడు ఎవరి కుండలోనూ ఆముదం ఉడకదు. ఆ పుడియా సంగతి చెప్పుకోవడానికి అప్పుడు ఖాలాకు ఇరుగుపొరుగున పెద్దవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు, పక్కింట్లోనే మా అవ్వ ఉంది. తొమ్మిదేళ్ళ పిల్లకు ఎందుకు చెప్పిందో పెద్దయ్యాక గానీ నాకు తెలియలేదు. ఆ పొద్దున ఆమె దగ్గర కూర్చున్న దాన్ని, ఆమెలాగే మందని నమ్మి ప్రేమగా విషం తినిపించిన దాన్ని, నేనొక్కదాన్నే. మాకిద్దరికీ తేడా ఒక్క మాట. నేను ఆ మాట చెప్పాను, కుక్క బతికింది. ఆమె అది చూసింది. చూసి, నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని అన్నం పెట్టింది.